ఇందూరు కచేరి: మన జిల్లా న్యాయస్థాన చరిత్ర

శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినారు. దేవాలయముల చరిత్రను, గురువుల సేవను గూర్చి వ్రాయగలవారు మన సంఘములలో అనేకులు కలరు. కనుక మనము పుట్టి పెరిగిన జిల్లా చరిత్రలో ఒక భాగమును మేము ఎన్నుకొంటిమి. నిజామాబాదు అనగానే నిజాంసాగరు, బోధన్ అనగానే చక్కెర ఫ్యాక్టరీ అందరికి జ్ఞాపకము వచ్చును. కాని రైతు, కూలి, వ్యాపారి అను భేదము లేక ఈ జిల్లాలోని ప్రతి కుటుంబము ఎప్పుడో ఒకప్పుడు భయముతోనో ఆశతోనో మెట్లెక్కిన స్థలము మరొకటి కలదు. అది కచేరి. భూమి పట్టా అక్కడనే, పన్ను బాకీ అక్కడనే, తగవు తీర్పు అక్కడనే. ఆ కచేరి మన జిల్లాకు ఎట్లు వచ్చినది, అది ఎవరి మాట విన్నది, ఎవరి మాట వినలేదు అను సంగతులను మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరించుచున్నాము.

ఇందూరు, నిజామాబాదు

మన పట్టణమునకు పూర్వనామము ఇందూరు. రాష్ట్రకూట వంశమునకు చెందిన ఇంద్రుడను రాజు పేరున ఇంద్రపురి అనియు, అదియే ఇందూరు అయినదనియు పెద్దలు చెప్పుదురు. పట్టణమునకు అంచుననున్న గుట్టమీద కోట, కోటలో రఘునాథాలయము నేటికిని కలవు. ఆ కోటను గూర్చి ముందు మరల చెప్పవలసి యున్నది.

ఇందూరుకంటె ప్రాచీనమైనది బోధన్. బుద్ధుని కాలమునాటి పదునారు మహాజనపదములలో అశ్మకము ఒకటి. వాటిలో గోదావరి తీరముననున్న దక్షిణదేశ రాజ్యము అదియే. దాని రాజధాని పోదన మన బోధనే అని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. తరువాత వేములవాడ చాళుక్యులు కూడ మొదట బోధన్‌నుండియే పాలించి పిదప వేములవాడకు తరలిపోయిరి. అనగా నేడు చెరకు బండ్ల జ్ఞాపకము తప్ప మరేమియు మిగలలేదని మనము అనుకొను ఈ ఊరిలో రెండువేల ఏండ్లకు పూర్వమే ఒక రాజసభ కొలువుతీరి యుండెను.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున హైదరాబాదు, గోదావరి లోయ రైలుమార్గము సికింద్రాబాదునుండి మన్మాడు వరకు పడినది. ఇందూరు రైలు స్టేషనుగల పట్టణమైనది. 1905లో జిల్లాల సరిహద్దులు సవరించినప్పుడు ఇందూరు జిల్లా నిజామాబాదు జిల్లాగా మారినది. కాగితములమీద పేరు మారినను పల్లెలలో పెద్దవారు చాల కాలము ఇందూరు అనియే పిలిచిరి. నేటికిని పత్రికలలోను సభలలోను ఆ పేరు వినబడుచునే యున్నది.

కచేరి వచ్చిన విధము

1853లో సాలార్‌జంగు హైదరాబాదు రాజ్యమునకు దివాను అయ్యెను. అంతకుముందు పన్ను వసూలు చేయు హక్కును గుత్తకిచ్చెడివారు. గుత్త పట్టినవాడు సర్కారుకు ఇంత అని ఒప్పుకొని రైతునుండి ఎంత రాబట్టగలిగిన అంత రాబట్టెడివాడు. రైతు మొరపెట్టుకొనుటకు పోవలసిన వాడును ఆ గుత్తదారే. దొంగయు వాడే, కొత్వాలును వాడే అన్నట్లుండెను.

సాలార్‌జంగు ఈ పద్ధతిని తొలగించుటకు పూనుకొనెను. 1865లో జిలాబందీ అను పేర రాజ్యమును జిల్లాలుగా విభజించెను. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అతని క్రింద దోయం, సోయం తాలూక్‌దారులు, తాలూకాకు తహసీల్‌దారు నియమింపబడిరి. అవ్వల్ తాలూక్‌దారు అనగా నేటి కలెక్టరు. వీరందరు జీతమునకు పనిచేయువారు, వసూలులో వాటా లేనివారు. ఇది చిన్న మార్పు కాదు. మన జిల్లాలో నిజామాబాదు, బోధన్, ఆర్మూరు, కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలకు తహసీలు కచేరీలు కేంద్రములైనవి.

అయితే ఒక లోపము మిగిలిపోయినది. పన్ను వసూలు చేయు అధికారియే నేరములను విచారించెడివాడు, భూమి తగాదాలను తీర్చెడివాడు. పన్ను ఎక్కువ వేసినారని ఫిర్యాదు చేయవలసి వచ్చినచో, వేసినవాని ఎదుటనే చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చెడిది. గుత్తదారు పోయినను కొంతవరకు అదే కథ. ఈ లోపము తొలగుటకు మరి యాబది ఏండ్లకు పైగా పట్టినది.

కచేరి మాట, పల్లె మాట

ఆ కాలమున ఒక రైతు కచేరికి పోయిన విధమును ఊహించుకొందము. మద్నూరు దిక్కునుండియో ఎల్లారెడ్డి దిక్కునుండియో సద్దిమూట కట్టుకొని బండిమీదనో కాలినడకనో వచ్చెడివాడు. కచేరి ముందర చెట్టు క్రింద అర్జీలు వ్రాయు మున్షీ కూర్చుండెడివాడు. రైతు తన గోడు తెలుగులో చెప్పుకొనును. మున్షీ దానిని ఉర్దూలో వ్రాయును. వ్రాసినదేమో రైతుకు తెలియదు. క్రింద వేలిముద్ర వేయును. లోపల పేష్కారు చదువును, అధికారి వినును, హుకుము అగును. ఆ హుకుమును మరల ఎవరో ఒకరు తెలుగులో చెప్పినగాని గెలిచినది లేనిది రైతుకు తెలిసెడిది కాదు.

1880 దశకము వరకు సర్కారు భాష పార్సీ. ఆ తరువాత ఉర్దూ వచ్చినది. ఉర్దూ మధురమైన భాష. మన జిల్లాలో తరతరములుగా అది ఇంటిభాషగాగల సోదరులు వేలాదిగా కలరు. కనుక దోషము భాషది కాదు. జిల్లాలో అధిక సంఖ్యాకులు తెలుగువారు. పడమట మహారాష్ట్ర సరిహద్దున మరాఠీ, జుక్కలు, బిచ్కుంద ప్రాంతమున కన్నడము కూడ వినబడును. ఇన్ని భాషల జిల్లాలో కచేరి మాత్రము ఒక్క భాషలోనే విన్నది. గ్రామములో పట్వారీ లెక్కలు ఏ భాషలో వ్రాసినను, తహసీలునుండి పైకి అంతయు ఉర్దూయే.

దీనికి సాక్ష్యము మన నోటిలోనే యున్నది. వకీలు, దావా, జామీను, హాజరు, జప్తు, నకలు, మిసిలు, దస్తావేజు అను మాటలన్నియు కచేరినుండి వచ్చి మన తెలుగులో స్థిరపడినవి. వచ్చునప్పుడు కొన్ని తలక్రిందులైనవి. ఉర్దూలో “ముద్దయీ” అనగా దావా తెచ్చినవాడు. తెలుగులో “ముద్దాయి” అనగా నేరము మోపబడినవాడు. ఫిర్యాదు చేయబోయినవాడే నేరస్థుడుగా మారిపోయెను! “రాజీనామా” అనగా ఇరుపక్షములు ఒప్పుకొని వ్రాసుకొన్న రాజీ పత్రము. మనకు అది ఉద్యోగము వదలుకొను కాగితమైనది. ఇక “వాయిదా” అను మాటకు మూలార్థము మాట ఇచ్చుట. కోర్టు చుట్టు తిరిగినవారికి ఆ మాట ఏ అర్థములో తెలియునో మేము వేరుగ చెప్పనక్కరలేదు. విననివాడు చెప్పినది, చెప్పినవాడు విన్నది ఒకటి కానప్పుడు మాటలు ఇట్లే తిరుగబడును.

1921

మన రాజ్య చరిత్రలో 1921 రెండు కారణములచేత జ్ఞాపకముంచుకొనదగిన సంవత్సరము.

మొదటిది, ఆ సంవత్సరము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మాను ద్వారా న్యాయశాఖ పాలనశాఖనుండి వేరుచేయబడినది. అప్పటినుండి తాలూక్‌దారు, తహసీల్‌దారు రెవెన్యూ పని చూచుకొనవలెను. తీర్పులు మున్సిఫులు, జిల్లా న్యాయాధిపతులు చెప్పవలెను. బ్రిటిషు ఇండియాలో జాతీయ నాయకులు ఎంతకాలమో అడిగినను దొరకని సంస్కరణ ఇది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మన రాజ్యాంగము 50వ అధికరణములో దీనిని ఆదర్శముగా చెప్పినది. దేశమంతట మెజిస్ట్రేటులను ఈ విధముగా విడదీసిన క్రొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974లో గాని అమలులోనికి రాలేదు. ఆ విషయములో హైదరాబాదు రాజ్యము యాబది ఏండ్లు ముందు నడిచెనని ఒప్పుకొనవలెను. మంచిని మంచి అనుట చరిత్ర వ్రాయువారి ధర్మము.

రెండవది, అదే సంవత్సరము నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కార సభ జరిగెను. అచ్చట ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములు సాగినవి. అల్లంపల్లి వెంకటరామారావు అను వకీలు లేచి తెలుగులో మాటలాడబోగా సభలో కొందరు గేలిచేసి మాటలాడనీయలేదు. గమనింపుడు, ఆయన వకీలు. ఇతరుల పక్షమున మాటలాడుట ఆయన వృత్తి. అట్టివానికి తన భాషలో మాటలాడు అవకాశము దొరకలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడుకొని ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అదియే పెరిగి ఆంధ్ర మహాసభ అయినది.

న్యాయస్థానమునకు స్వాతంత్ర్యము ఇచ్చిన సంవత్సరమే, న్యాయస్థానములో తన మాట తనకు లేదని తెలుగువాడు గుర్తించిన సంవత్సరముకూడ. ఈ రెండు కలిసినగాని న్యాయము సంపూర్ణము కాదు.

కచేరి గడప ఎక్కలేనివారు

ఇట్లు కచేరిలో మాట చెల్లనివారు ఒకరైతే, కచేరి దాపులకే రాలేనివారు మరియొకరు. కుష్ఠురోగులను ఊరి బావి దగ్గరకు గాని, సంతలోనికి గాని రానిచ్చెడివారు కారు. వారికి పట్టా లేదు, వాటా లేదు, సాక్ష్యము చెప్పుకొనుటకు నిలువ నీడ లేదు. వెస్లియన్ మిషను పక్షమున నిజామాబాదు వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు వీరికి చికిత్స ప్రారంభించిరి. రాజా నర్సాగౌడు అను హిందూ దాత ఇచ్చిన విరాళముతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసినది. నిజాము ప్రభుత్వమును సహాయము చేసినది. ఆ రోజులలో చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చెడివారు. ఇసబెల్ దొరసానిగారు 1932లో మరణించువరకు అక్కడ సేవ చేసిరి.

డిచ్‌పల్లి చరిత్ర మన సంఘస్థులకు క్రొత్త కాదు గనుక విస్తరింపక ఒక్క సంగతి చెప్పెదము. అక్కడికి వచ్చిన రోగిని మొదట అడిగినది పేరు. పుస్తకములో ఆ పేరు వ్రాసిరి. ఊరు కొట్టివేసిన పేరును ఆసుపత్రి చిట్టాలోనికి ఎక్కించుటకూడ ఒక విధమైన న్యాయమేనని మా అభిప్రాయము.

నీరు, చెరకు

1923లో మంజీరా నదిమీద నిజాంసాగరు నిర్మాణము ప్రారంభమై 1931లో ముగిసినది. దాని వెనుకనున్న ప్రతిభ ప్రధాన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగుది. సుమారు 2,75,000 ఎకరములకు నీరందించు ఉద్దేశముతో కాలువ త్రవ్విరి. మెట్టపైరు తప్ప ఎరుగని పల్లెలు వరిమళ్ళు చూచినవి. తీరాంధ్ర జిల్లాలనుండి రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతములలో భూములు కొని క్యాంపులు కట్టుకొనిరి. వారి వెంట మన సంఘములకు చెందిన కుటుంబములును కొన్ని వచ్చినవి.

నీరు వచ్చిన చోట చెరకు, చెరకు వచ్చిన చోట చక్కెర. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియా ఖండములోనే పెద్దదని దానికి పేరు. ఫ్యాక్టరీకి సొంత చెరకు క్షేత్రములు వేల ఎకరములు ఉండెడివి. గానుగ కాలము వచ్చినదంటే బోధన్ దారులన్నియు ఎడ్లబండ్లతో నిండిపోయెడివి. బెల్లపు వాసన వంటి ఆ తీపి వాసన కోసుల దూరము వచ్చెడిదని శక్కర్‌నగరులో పనిచేసినవారు నేటికిని చెప్పుకొందురు.

కాలువతోపాటు తగవులును పెరిగినవి. నీరు లేని కాలమున ఎవరికి అక్కరలేని బంజరు, నీరు వచ్చిన మరునాడు బంగారమైనది. ఉర్దూ చదువగలవాడు, కచేరి దారి తెలిసినవాడు పట్టా చేయించుకొనెను. తాతలనాటినుండి దున్నినవాడు దున్నుచునే యుండెను గాని కాగితములో అతని పేరు లేదు. మన జిల్లా భూమి తగాదాలలో ఎన్నింటికో మూలము ఇక్కడనే యున్నదని మా నమ్మకము.

అదే 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగినది. ఒకే సంవత్సరము జిల్లాకు ఒక ప్రక్క పెద్ద యంత్రాగారము, మరియొక ప్రక్క తెలుగువారి పెద్ద సభ. పట్టణము నిదుర లేచినదని చెప్పవచ్చును.

కోటలో ఖైదు

ఇక కోట సంగతి. దేవాలయముగల ఆ గుట్టమీది కోటను నిజాము ప్రభుత్వము జైలుగా వాడుకొన్నది. కచేరిలో శిక్షపడినవాడు చేరునది అక్కడికే. ఒకే ప్రాకారములో గుడి, కోట, జైలు. దేవుని, రాజును, నేరస్థుని ఒక్క గోడలో ఇమిడ్చిన కట్టడము అది.

1947-48 కాలమున నిజాము పాలనకు ఎదురు తిరిగినవారిని అక్కడ బంధించిరి. వారిలో ఇరువది రెండు, మూడేండ్ల యువకుడు దాశరథి కృష్ణమాచార్యులు ఒకరు, వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరు. కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడమీద పద్యములు వ్రాసెను. జైలువారు తుడిపివేయించిరి. ఆయన మరల వ్రాసెను. ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థము చేసెను. తెలంగాణమును వీణతో పోల్చిన ప్రసిద్ధ పద్యము ఆ గోడమీదిదే. 1949లో ఆయన అగ్నిధార అచ్చయినది. ఆళ్వారుస్వామి ప్రజల మనిషి అను నవలలో ఆనాటి పల్లె జీవితమును, దొరల దౌర్జన్యమును చిత్రించెను. జైలు లోపల అను కథల సంపుటిలో ఖైదీల బ్రతుకును వ్రాసెను.

కచేరిలో తెలుగుకు చోటు లేని రోజులలో జైలు గోడ తెలుగు కాగితమైనది. చెరిపినకొలది వ్రాయబడిన ఆ అక్షరములు మన జిల్లా న్యాయ చరిత్రలో ఏ తీర్పుకును తీసిపోవు. తరువాత జైలును ఊరి వెలుపల సారంగాపూరునకు మార్చిరి. కోట గుట్టమీద అట్లే నిలిచి యున్నది. నిజామాబాదు పోయిన మన యువజనులు సినిమాకు పోవుదురు, అంగడికి పోవుదురు. ఒక్కసారి ఆ మెట్లెక్కి రావలసినదని మేము కోరుచున్నాము.

1948 తరువాత

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి దున్నువానికి రక్షిత కౌలుదారు అను పేరు, హక్కు ఇచ్చినది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైనది. ఊరిలో ఏ సర్వే నంబరు ఎవరి స్వాధీనములో నున్నదో వ్రాసిన ఆ పుస్తకము నేటికిని భూమి తగాదాలలో గట్టి సాక్ష్యముగా చూపబడుచున్నది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1966 అధికారభాషా చట్టముతో తెలుగు ప్రభుత్వ భాష అయినది. 1984లో పటేల్, పట్వారీ పద్ధతి రద్దయినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తహసీలు కచేరి అను మాట పోయి మండల కార్యాలయము అనిరి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా, 2016 అక్టోబరు 11న మన జిల్లానుండి కామారెడ్డి జిల్లా వేరైనది. 2022 జూన్ 2న జిల్లాకొక న్యాయ జిల్లా చొప్పున రాష్ట్రములో 33 ఏర్పడుటతో కామారెడ్డికి సొంత జిల్లా న్యాయస్థానము వచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులో నిజామాబాదు క్రొత్త కలెక్టరేటు భవనము ప్రారంభింపబడినది. ఎల్లారెడ్డి రైతు నేడు ఇందూరు వరకు బండి కట్టవలసిన పని లేదు.

దూరము తగ్గినది, సందేహము లేదు. భాష మాత్రము సగము దూరమే నడిచినది. సాక్షి తెలుగులో చెప్పును. వాద ప్రతివాదములు, తీర్పులు చాలవరకు ఇంగ్లీషులో నడచును. మన తాతకు ఉర్దూ హుకుము ఎట్లుండెనో, మన ఊరి కూలికి ఇంగ్లీషు తీర్పు అట్లే యున్నది. 1987 చట్టముతో వచ్చిన లోక్ అదాలత్‌లలో ఇరుపక్షములు ఎదురెదురుగ కూర్చుండి తమ మాటలో మాటలాడుకొని రాజీపడు అవకాశము కలిగినది. అక్కడ రాజీ పడినదానికి కోర్టు డిక్రీతో సమానమైన బలము కలదు. చిన్న తగవులకు ఇది మంచి మార్గము.

బోధన్ ప్రశ్న

ఈ చరిత్ర పాతదని, మనకు సంబంధము లేనిదని అనుకొనరాదు. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతము వాటా ప్రయివేటువారికి పోయినది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూతపడినవి. 2019లో కంపెనీల ట్రిబ్యునలు ఆస్తుల పరిసమాప్తికి ఉత్తరువు చేసెను. 2024లో పునరుద్ధరణ మార్గములను పరిశీలించుటకు రాష్ట్ర ప్రభుత్వము ఒక కమిటీని వేసినది.

ఈ పంక్తులు వ్రాయుట సులభము. వాటి వెనుక ఏమున్నదో బోధన్ సంఘస్థులకు తెలియును. జీతపు బాకీలు రావలసినవారు కలరు. చెరకు మానివేసి వరి, సోయాబీను వేసినవారు కలరు. క్వార్టరు వదలి పిల్లల దగ్గరకు పోయినవారు కలరు. ఫ్యాక్టరీ తెరువవలెనా, తెరువకూడదా, ఎవరు నడుపవలెను అను వాదములోనికి మేము పోము. కాని ఒక్కటి చెప్పక తప్పదు. ఆ ఫ్యాక్టరీలో జీవితము గడిపిన కార్మికుని భవిష్యత్తు ఎక్కడో ఒక ట్రిబ్యునలులో, అతనికి రాని భాషలో, అతడు చూడని కాగితములమీద నిర్ణయమగుచున్నప్పుడు, అతడు చెట్టు క్రింద మున్షీ ఎదుట కూర్చున్న తన తాత స్థితిలోనే యున్నాడు. కచేరి పేరు మారినది, మేజా కుర్చీలు మారినవి. లోపల ఏమి వ్రాసిరో బయటివానికి తెలియని స్థితి మారలేదు.

మనము చేయదగినది

చరిత్ర చదివి నిట్టూర్చి ఊరకుండుట ప్రయోజనము కాదు. మన చేతిలో నున్న పనులు కొన్ని కలవు.

మన ఇండ్లలో పాత పెట్టెలలో ఉర్దూ కాగితములు ఇంకను ఉన్నవి. పట్టాలు, రసీదులు, కోర్టు నకళ్ళు, కౌలు పత్రములు. అర్థము కానివని వాటిని పారవేయరాదు. వాటిపై నుండు సంవత్సరము సాధారణముగ ఫసలీ. దానికి 590 చేర్చినచో ఇంచుమించు క్రీస్తు శకము వచ్చును. ఉదాహరణకు 1331 ఫసలీ అనగా 1921-22. ఆనాటి దస్తూరి చదువగల పెద్దలు రోజురోజుకు తగ్గిపోవుచున్నారు. వారున్నప్పుడే చదివించి, వేరొక కాగితముమీద తెలుగులో వ్రాయించి జతచేసి ఉంచుకొనవలెను. అసలు కాగితముమీద ఏమియు వ్రాయరాదు. ప్లాస్టిక్ పొర వేయించరాదు, అందువలన కాగితము చెడిపోవును. చెదలు తగులని పెట్టెలో పెట్టవలెను.

2020లో ధరణి, 2025లో భూభారతి అని భూమి లెక్కలు కంప్యూటరులోనికి వచ్చినవి. కంప్యూటరులో పేరున్నదా, విస్తీర్ణము సరిగా నున్నదా అని ప్రతి కుటుంబము ఒకసారి చూచుకొనవలెను. చదువురాని పొరుగువానిది కూడ చూచి చెప్పవలెను. తప్పు ఉన్నచో పది ఏండ్లు గడచిన తరువాత కంటె నేడే సరిదిద్దుట తేలిక.

మన బిడ్డలలో న్యాయశాస్త్రము చదువువారు ఇప్పుడు కలరు. అది సంతోషము. వారికి మా విన్నపము ఒక్కటే. కేసు గెలిచినను ఓడినను, తీర్పులో ఏమున్నదో కక్షిదారునికి అతని మాటలో, ఓపికతో, చివరి వరకు చదివి చెప్పుడు. ఫీజులో చేరని పని అది. కాని ఇందూరు కచేరి మెట్లు ఎక్కి దిగిన లక్షలాది జనులకు దొరకనిది ఆ ఒక్కటే.

అశ్మక రాజులు పోయిరి, రాష్ట్రకూటులు పోయిరి, తాలూక్‌దారులు పోయిరి. పేరు ఇందూరు అయినను నిజామాబాదు అయినను ఇక్కడి మనిషి అడుగునది ఎప్పుడును ఒక్కటే: నా మాట వినుడు, విన్నది వ్రాయుడు, వ్రాసినది నాకు చదివి చెప్పుడు. ఈ మూడును జరిగినప్పుడే అది న్యాయస్థానము.